కొత్త ఊరి సంతలో మన కంచం

నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తే ఇంట్లో ముందుగా కట్టేది వంటింటి సామానే. ఆవకాయ జాడీ మూతకు గుడ్డ కడతారు. చోడిపిండి డబ్బా, కారం డబ్బా, చింతపండు, ఇడ్లీ పాత్ర ఒకే పెట్టెలో చేరతాయి. కొత్త ఊళ్ళో మొదటి నెల వాటితో గడిచిపోతుంది. అసలు చిక్కు రెండో నెలలో మొదలవుతుంది.

ఆ చిక్కు ఎలా ఉంటుందో మా ఇళ్ళలో మేము చూశాం. సంతకు వెళితే ఆకుకూరల పేర్లు తెలియవు. అమ్మే ఆమె చెప్పేది అర్థం కాదు. అందుకని తెలిసినవే కొంటాం: బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, టమాటాలు. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం అన్నంలోకి పచ్చడి, సాయంత్రం నూడుల్స్. "ఇక్కడ ఏమీ దొరకవు" అన్న మాట ఇంట్లో రోజూ వినిపిస్తుంది. నిజానికి మనకు దొరకనిది కూర కాదు, కూర పేరు.

పాత సంత దూరమై, కొత్త సంత ఇంకా తెలియని ఆ కొన్ని నెలల్లోనే పొట్లాల తిండి ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. తర్వాత లెమ్మన్నా లేవదు. మూడు నాలుగేళ్ళకోసారి ఊరు మారే మనలాంటి పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. ఎదిగే వయసంతా ఇలా మూడు నాలుగు సార్లు తిండి చెడితే ఆ లోటు ఎముకల్లో, రక్తంలో కనిపిస్తుంది. కాబట్టి కొత్త ఊరి సంతను త్వరగా నేర్చుకోవడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం. ఉదాహరణకు మనం ఉంటున్న ఖరగ్‌పూర్‌నే తీసుకుందాం.

రైలుతో వచ్చిన వంట

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు నిన్న మొన్న వచ్చినవాళ్ళు కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 19వ శతాబ్దం చివరి ఏళ్ళలో ఇక్కడ జంక్షన్ కట్టింది. ఆ వెంటనే పెద్ద వర్క్‌షాపు, దాని చుట్టూ క్వార్టర్లు వెలిశాయి. అదే కాలంలో తూర్పు తీరం వెంట దక్షిణానికి రైలు మార్గం కలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలమంది పనికోసం ఆ రైలెక్కి వచ్చారు. ఇప్పుడు వాళ్ళ మునిమనవలు ఇక్కడ చదువుతున్నారు. మథురాకాటి, నింపురా వైపు నడిస్తే వీధిలో తెలుగు వినిపిస్తుంది. గోల్ బజార్‌లో గోంగూర అడిగితే ఎవరూ వింతగా చూడరు.

అంటే మనకన్నా ముందు వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ సంతను వంద ఏళ్ళకు పైగా చదువుతున్నాయి. వాళ్ళు తెచ్చుకున్న అలవాట్లలో కొన్ని మంచివి, కొన్ని కావు. బెంగాలీ ఇళ్ళలోనూ అంతే. ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో తేల్చుకోవడానికి రెండు పాత జబ్బుల కథలు మనకు బాగా పనికొస్తాయి. ఒకటి మన జిల్లాలది, బియ్యం వల్ల వచ్చింది. రెండోది బెంగాల్‌లో మొదట గుర్తించినది, నూనె వల్ల వచ్చింది.

తెల్ల బియ్యం కథ

కొత్తగా వచ్చిన తెలుగు ఇళ్ళలో మొదటి ఫిర్యాదు బియ్యం మీదే. "ఇక్కడి సిద్ధ చాల్ లావుగా ఉంటుంది, వాసన వస్తుంది, మన తెల్లన్నంలా ఉండదు" అంటారు. సిద్ధ చాల్ అంటే మన ఉప్పుడు బియ్యమే. వడ్లను నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, ఆ తర్వాత మర ఆడిస్తారు. మనం ఇష్టపడేది ఉడికించకుండా మర ఆడించిన పచ్చి బియ్యం.

ఒకప్పుడు మన ఊళ్ళలో వడ్లను రోకలితో దంచుకునేవారు. దంపుడు బియ్యం మీద తవుడు పొర కొంత మిగిలేది. తర్వాత మరలు వచ్చాయి. బియ్యం మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది. అందరికీ నచ్చింది. కానీ ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తా తెలుగు జిల్లాల్లో, బెరిబెరి అనే జబ్బు పాతుకుపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కేవి, వాచేవి, గుండె బలహీనపడేది. తల్లికి లోపం ఉంటే ఆమె పాలు తాగే పసిబిడ్డలు నెలల వయసులోనే చనిపోయేవారు.

కారణం ఏమిటో తెలియడానికి ముందు జావాలో కోళ్ళు కావలసి వచ్చాయి. 1890లలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు అక్కడ బెరిబెరి మీద పరిశోధన చేస్తున్నాడు. ఉన్నట్టుండి ఆయన కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. కొన్నాళ్ళకు వాటంతట అవే బాగయ్యాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, జబ్బు చేసిన రోజుల్లో వాటికి సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వేశారు. తర్వాత వచ్చిన కొత్త వంటవాడు ఆ అన్నం ఇవ్వనన్నాడు. దాంతో కోళ్ళకు మళ్ళీ తవుడుతో ఉన్న మామూలు బియ్యం దొరికింది, అవి లేచి తిరిగాయి. తవుడులో ఉన్న ఆ ప్రాణాధారమే విటమిన్ బి1. ఈ దారి చూపినందుకు ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది.

మన దేశంలో ఈ జబ్బు కోసమే 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి విచారణ కేంద్రం మొదలైంది. దాన్ని రాబర్ట్ మెక్‌కారిసన్ నడిపాడు. అదే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. 1958లో హైదరాబాదుకు మారింది. ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అదే. మన దేశపు పోషకాహార పరిశోధనకు మూలం ఒక బియ్యపు జబ్బు అన్నమాట. ఆ జబ్బు మన జిల్లాల్లోనే ఎక్కువగా ఉండేది.

అప్పటి పరిశోధకులు ఇంకొకటి గమనించారు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో బెరిబెరి దాదాపు లేదు. ఎందుకంటే వడ్లను ఉడికించేటప్పుడు తవుడు పొరలోని బి విటమిన్లు నీటితో పాటు గింజ లోపలికి ఇంకుతాయి. తర్వాత మర ఆడించినా పూర్తిగా పోవు. పాలిష్ పట్టిన పచ్చి బియ్యం కన్నా ఉప్పుడు బియ్యంలో బి1 సుమారు మూడు రెట్లు ఉంటుంది.

కాబట్టి మనం ముక్కు చిట్లించే సిద్ధ చాల్ మనకు మేలే చేస్తుంది. రోజూ కాకపోయినా వారంలో కొన్ని పూటలు తినడం అలవాటు చేసుకోవచ్చు. రుచి నాలుగైదు రోజుల్లో పట్టుబడుతుంది. పచ్చి బియ్యమే కావాలనుకుంటే తక్కువ పాలిష్ పట్టినది అడగండి. బియ్యాన్ని తెల్లనీళ్ళు పోయేదాకా ఐదారుసార్లు రుద్ది కడగకండి. రెండుసార్లు చాలు.

గంజి విలువ

అన్నం వార్చి గంజి పారబోస్తే నీళ్ళలో కరిగిన విటమిన్లు కూడా పోతాయి. నీళ్ళు సరిపడా పోసి ఇగరబెట్టడం మంచిది. వార్చినా ఆ గంజిని పప్పులోనో చారులోనో కలపవచ్చు.

గంజిని బెంగాలీలో ఫ్యాన్ అంటారు. ఈ నేల మీద ఆ మాటకు బరువు ఉంది. 1942 అక్టోబరులో మేదినీపూర్ తీరాన్ని పెద్ద తుఫాను ముంచెత్తింది. 1943లో బెంగాల్ అంతటా కరువు వచ్చింది. మన ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ జిల్లా ఎక్కువగా నష్టపోయినవాటిలో ఒకటి. అప్పుడు కలకత్తా వీధుల్లో ఆకలితో వచ్చినవాళ్ళు అన్నం అడగలేదు. "ఫ్యాన్ దావ్" అంటూ, గంజి పోయమని ఇంటింటా వేడుకున్నారు. అన్నం వదిలేసిన కంచాన్ని తొట్టిలో దులిపే ముందు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం.

రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున తినే మన చద్దన్నం ఇక్కడ పాంతా భాత్ అవుతుంది. పక్కనున్న ఒడిశాలో పఖాళ్ అవుతుంది. మూడు రాష్ట్రాల పాటు ఒకే కంచం! ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ మూడు చోట్లా తోడు. ఎండాకాలంలో ఇది హాయైన తిండి. అయితే మంచినీళ్ళు పోయాలి, మూత పెట్టాలి, పొద్దున్నే తినేయాలి. దానితో పాటు కాస్త పప్పో, గుడ్డో, చేపో, పెరుగో ఉంటే పూర్తి భోజనం అవుతుంది.

పేరు తెలిస్తే కూర దొరుకుతుంది

ఇప్పుడు సంతకు వెళదాం. ఇక్కడ ఆకుకూరను శాక్ అంటారు. కింది పేర్లు నేర్చుకుంటే సంచి సగం నిండినట్టే.

తోటకూర – నొటే శాక్
ఎర్ర తోటకూర – లాల్ శాక్
బచ్చలికూర – పుఁయ్ శాక్
పాలకూర – పాలంగ్ శాక్
తూటికూర – కల్మీ శాక్
మునగాకు – సజ్‌నే శాక్
మునగకాడ – సజ్‌నే డాంటా
ఆనపకాయ – లావు
బీరకాయ – ఝింగే
పొట్లకాయ – చిచింగే
గుమ్మడికాయ – కుమ్‌డో
కాకరకాయ – కరలా
చిక్కుడుకాయ – షిమ్
అరటిపువ్వు – మోచా
అరటి దవ్వ – థోడ్
కంద – ఓల్
వంకాయ – బేగున్

ఈ జాబితాలో మనకు తెలియని కూర ఒక్కటీ లేదని గమనించారా? కొత్తగా తెలుసుకోవలసింది పొటోల్ లాంటి కొన్నే. దొండకాయకు అన్నలా ఉండే పొటోల్‌ను మన దొండకాయ వేపుడులాగే చేసుకోవచ్చు. మన ఊళ్ళలో ఇప్పుడు చాలామంది మరిచిపోతున్న తూటికూర, అరటి దవ్వ, అరటిపువ్వు ఇక్కడ రోజూ వండుతారు. భోజనంలో ముందు చేదు తినే అలవాటు కూడా బెంగాలీ ఇళ్ళలో ఉంది. కాకరకాయ, మునగకాడ, అరటికాయ వేసి వండే శుక్తో అలాంటిదే. కాకరకాయంటే పారిపోయేవాళ్ళు పక్కింట్లో ఒకసారి అది తిని చూడండి.

ఆకుకూరలు ఎందుకంత ముఖ్యం? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పశ్చిమ బెంగాల్‌లో అది 71 శాతం దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 59 శాతం. అంటే మనం వచ్చిన చోటా ఉంది, ఉంటున్న చోటా ఉంది. మెట్లెక్కితే ఆయాసం, మూడో పీరియడ్‌కే నిద్ర, చదివింది తలకెక్కకపోవడం వంటి వాటిని మనం బద్ధకం అనుకుంటాం. పెద్దలు కూడా అలాగే అనుకుని తిడతారు. కొన్నిసార్లు అది రక్తంలో ఇనుము తగ్గడం కావచ్చు. అలాంటి లక్షణాలుంటే ఇంట్లో చెప్పి వైద్యుడికి చూపించుకోవాలి. పాఠశాలలో వారానికొకసారి ఐరన్ మాత్ర ఇస్తుంటే దాన్ని జేబులో దాచకుండా మింగాలి.

ఆకుకూరలో ఉన్న ఇనుము సులువుగా ఒంటబట్టదు. దానికి విటమిన్ సి తోడు కావాలి. బెంగాలీ కంచం పక్కన నిమ్మచెక్క పెట్టడంలో ఈ ఉపయోగం కూడా ఉంది. ఇక్కడి గొంధొరాజ్ నిమ్మ వాసనకే ఆకలేస్తుంది. పప్పు-ఆకుకూర మీద నాలుగు చుక్కలు పిండుకోండి. భోజనంతో పాటు కానీ, చేయి కడిగిన వెంటనే కానీ టీ తాగకండి. టీలోని వగరు పదార్థాలు ఇనుమును పట్టుకుని ఒంటికి చేరనివ్వవు.

పప్పు, చిన్న చేప, చోడి

మన ఇంట్లో పప్పంటే కందిపప్పే. ఇక్కడ దాన్ని అరహర్ డాల్ అంటారు. దాని ధర ఎక్కువగా ఉన్న నెలలో పప్పు పలచబడుతుంది. అలా నీళ్ళు పెంచేకన్నా పప్పు మార్చడం మేలు. మసూర్, అంటే ఎర్రపప్పు, త్వరగా ఉడుకుతుంది. వేయించిన పెసరపప్పుతో చేసే ముగ్ డాల్ కమ్మగా ఉంటుంది. మినప్పప్పును బిఉలిర్ డాల్ అంటారు. ఏ పప్పయినా అన్నంతో కలిస్తేనే దాని బలం పూర్తవుతుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువగా ఉండేవి బియ్యంలో ఉంటాయి. అందుకే పప్పన్నం అని కలిపి అంటాం.

చేప తినే ఇళ్ళకు ఇక్కడ సంత స్వర్గమే. పెద్ద రుయి, కాత్లా ముక్కలే కొనాలని లేదు. మౌరలా అనే చిన్న చేపను ముల్లుతో, తలతో సహా తింటారు. అందువల్ల దాని నుంచి కాల్షియం, విటమిన్ ఎ రెండూ అందుతాయి. మన వైపు నెత్తళ్ళు తిన్నట్టే. ఎండుచేపలు మాత్రం ఉప్పులో ఊరినవి కాబట్టి మితంగా తినాలి.

ఇక మన పెట్టెలో తెచ్చుకున్న చోడిపిండి సంగతి. మనం చోళ్ళు అనే రాగులను పట్నం పిల్లలు పాతకాలపు తిండి అనుకుంటారు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 కూడా ఉండదు. పాలు పడనివాళ్ళకు, పాలు తాగనని మొండికేసేవాళ్ళకు చోడి అంబలి గొప్ప ఆసరా. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తాతలు పొద్దున్నే అంబలి తాగి పనికి వెళ్ళేవారు. పిండి అయిపోతే ఒడిశా సరుకు అమ్మే కొట్లో మాండియా అని అడగండి, రాగులే ఇస్తారు. ఇది మనం వదలకూడని అలవాటు.

నూనె కథ

ఇప్పుడు రెండో జబ్బు. 1877లో కలకత్తాలో ఒక వింత జబ్బు కనిపించింది. కాళ్ళు వాచేవి, ఊపిరి ఆడేది కాదు, కొందరికి చూపు కూడా దెబ్బతినేది. కాళ్ళ వాపు చూసి చాలా ఏళ్ళు వైద్యులు దాన్నీ బెరిబెరే అనుకున్నారు. బియ్యాన్నే అనుమానించారు. చివరికి దోషం బియ్యంలో లేదని, వంటనూనెలో ఉందని తేలింది. బీళ్ళలో పసుపు పూలతో పెరిగే ఒక ముళ్ళ మొక్క ఉంది. ఇక్కడ దాన్ని శియాల్‌కాంటా అంటారు. దాని గింజలు చూడటానికి ఆవగింజల్లాగే ఉంటాయి. ఆ నూనె ఆవనూనెలో కలిస్తే విషమే. 1998లో ఢిల్లీలో ఇదే కల్తీ వల్ల వేలమంది జబ్బుపడ్డారు, పలువురు చనిపోయారు.

ఈ కథ విని ఆవనూనెను చూసి భయపడనక్కరలేదు. శుభ్రమైన ఆవనూనె మంచి నూనెల్లో ఒకటి. చేపల పులుసుకు అది బాగా నప్పుతుంది. నేర్చుకోవలసింది ఏమిటంటే, మూత లేని డబ్బాలోంచి కొలిచి పోసే నూనె కొనకూడదు. సీలు వేసిన సీసా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ చూసి కొనాలి. మన నువ్వులనూనె, వేరుశనగ నూనె, ఇక్కడి ఆవనూనె మార్చి మార్చి వాడుకోవచ్చు. వేపుడు చేసిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచకూడదు.

ఎంత వాడాలి? జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 2000 కిలో కేలరీల ఆహారంలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు లెక్కేస్తే సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో నెలకు ఎన్ని సీసాలు ఖాళీ అవుతున్నాయో ఈ నెల లెక్కపెట్టండి.

మనవీ తగ్గించాలి, వాళ్ళవీ తగ్గించాలి

పక్కింటివాళ్ళ తిండిలో తప్పులు పట్టడం తేలిక. మన జాడీలోకి కూడా ఒకసారి చూసుకుందాం. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు, వడియాలు అన్నింట్లోనూ ఉప్పే రాజు. మనిషికి రోజంతటికీ 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చెంచాడు, దాటకూడదు. పచ్చడిని కూరకు బదులు తింటే ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోతుంది. పచ్చడి కూర పక్కన ఉండాలి, కూర స్థానంలో కాదు.

బెంగాల్ వైపు మిఠాయిలు, సాయంత్రం వేడి చాప్‌లు మనల్ని లాగుతాయి. పండగకూ పుట్టినరోజుకూ రసగుల్లా తినకపోతే బెంగాల్‌లో ఉండి లాభమేమిటి? రోజూ తింటేనే చిక్కు. సాయంత్రం ఆకలికి మేదినీపూర్ మూరీ ఉంది కదా. అదే మన మరమరాలు. విశాఖ వైపు కూడా మూరీ అనే అంటారు. దాన్ని చాప్‌తో కాకుండా నానబెట్టిన శనగలు, వేరుశనగ గుళ్ళు, ఉల్లి, కీర, నిమ్మరసంతో కలుపుకుంటే పది నిమిషాల్లో మంచి ఫలహారం.

రెండు వైపులవీ కానివి పొట్లాలు, సీసాలు. వాటిని చదవడానికి రెండు లెక్కలు చాలు. ఒకటి: పొట్లం మీద సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి 2.5తో గుణించండి, ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. రెండు: చక్కెర ఎన్ని గ్రాములో చూసి 5తో భాగించండి, చెంచాలు వస్తాయి. 300 మిల్లీలీటర్ల కోలా పానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఆరు చెంచాలు. రోజంతటికీ 25 గ్రాములు దాటవద్దని సూచన. పోషకాల పట్టిక 100 గ్రాములకు ఇచ్చారా, మొత్తం పొట్లానికి ఇచ్చారా అన్నది కూడా తప్పక చూడండి.

ఖరగ్‌పూర్‌లో ఒక రోజు

కంచంలో సగం కూరలూ పండ్లూ ఉండాలి. మిగిలిన సగంలో అన్నమో రొట్టెలో, పప్పో గుడ్డో చేపో ఉండాలి. పక్కన పాలో పెరుగో. పోషకాహార సంస్థ సూచనల సారం ఇదే. ఇక్కడి సంతతో అది ఎలా కుదురుతుందో చూడండి.

పొద్దున: చోడి అంబలి మజ్జిగతో, లేదా ఇడ్లీ, ఒక అరటిపండు.
టిఫిన్ డబ్బాలో: కూరగాయలు వేసిన ఉప్మా లేదా రొట్టె, గుడ్డు లేదా ఉడికించిన శనగలు, ఒక జామకాయ.
మధ్యాహ్నం: సిద్ధ చాల్ అన్నం, మసూర్ పప్పులో లాల్ శాక్, ఝింగే కూర, నిమ్మచెక్క, పెరుగు.
సాయంత్రం: మూరీ, శనగలు, ఉల్లి, కీర.
రాత్రి: రొట్టె లేదా అన్నం, చిన్న చేపల పులుసు లేదా పెసరపప్పు, ఆనపకాయ కూర.

ఇందులో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. రైల్లో డ్యూటీకి వెళ్ళే నాన్న డబ్బాలోకి కూడా ఇవే సర్దవచ్చు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చేవాళ్ళకు వేళ తప్పిన భోజనం ఉంటుంది కాబట్టి ఇంట్లో పండు, ఉడికించిన శనగలు సిద్ధంగా ఉంచితే వాళ్ళు వేపుళ్ళ జోలికి వెళ్ళరు.

మీరే చేసి చూడండి

1. ఈ ఆదివారం అమ్మానాన్నలతో సంతకు వెళ్ళండి. మీకు తెలియని మూడు కూరల పేర్లు అమ్మేవాళ్ళనే అడగండి. తెలుగు, బెంగాలీ, హిందీ పేర్లు మూడు గడుల్లో రాయండి.
2. మీ తరగతిలో వేరే రాష్ట్రపు స్నేహితుణ్ణి అడిగి, వాళ్ళ ఇంట్లో చద్దన్నంలాంటిది ఏముందో తెలుసుకోండి.
3. ఇంట్లో ఉన్న ఏవైనా రెండు పొట్లాల మీద సోడియం, చక్కెర చూసి, ఉప్పు గ్రాములు, చక్కెర చెంచాలు లెక్కకట్టండి.
4. ఉప్పుడు బియ్యంలో బి1 ఎందుకు నిలుస్తుందో నాలుగు వాక్యాల్లో రాయండి.
5. బెరిబెరినీ, నూనె కల్తీ జబ్బునూ వైద్యులు మొదట ఒకటే అని ఎందుకు పొరబడ్డారు?

మూడో లెక్క, ఒకటో పట్టిక ఒక నోటు పుస్తకంలో ఉంచండి. ఆ పుస్తకాన్ని పారేయకండి. కొన్నాళ్ళకు మళ్ళీ బదిలీ ఉత్తర్వు వస్తుంది. నాగ్‌పూర్ కావచ్చు, గువాహటి కావచ్చు, జోధ్‌పూర్ కావచ్చు. అక్కడ శాక్‌ను ఇంకేదో అంటారు. తోటకూర మాత్రం తోటకూరే. వంటింటి పెట్టె కట్టేటప్పుడు ఆవకాయ జాడీ పక్కన ఈ నోటు పుస్తకం కూడా పెట్టండి. కొత్త ఊళ్ళో మొదటి ఆదివారమే సంచి పట్టుకుని సంతకు వెళ్ళి, కుప్పలో ఉన్న ఆకును చూపించి అడగండి: "దీన్ని మీరేమంటారు?" ఆ ఒక్క ప్రశ్నతో కూర దొరుకుతుంది. చాలాసార్లు ఒక స్నేహమూ దొరుకుతుంది.